మీరు అడిగారు: ఆస్ట్రేలియాలో నీళ్లు, ఓట్లు, ఈములు, ఆవకాయ

పోయిన నెల ఈ శీర్షికలో మెల్‌బోర్న్ ట్రాముల గురించి ఒక్క ముక్క రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆస్ట్రేలియా మీదే ఉన్నాయి. ఆశ్చర్యమేమీ లేదు. చదువుకో, ఉద్యోగానికో పిల్లల్ని అక్కడికి పంపిన ఇళ్లు నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఇవాళ చాలానే ఉన్నాయి. మా పెద్దబిడ్డ కూడా మెల్‌బోర్న్‌లోనే ఉంటుంది. ఆమె దగ్గర ఉండి వచ్చాను, ఏళ్ల తరబడి బడిలో సాంఘికశాస్త్రం చెప్పాను. చూసిందీ చదివిందీ కలిపి రాస్తున్నాను. మన జిల్లాలతో ముడిపడ్డ ప్రశ్నలకు ఎక్కువ చోటు ఇచ్చాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, ఆస్ట్రేలియాలో తాగే నీళ్లలో ప్రభుత్వమే ఫ్లోరైడ్ కలుపుతుందని మా తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. మా ఊళ్లో ఆ ఫ్లోరైడ్‌తోనే మా నాయనమ్మ నడుము వంగిపోయింది. ఇది నిజమేనా? – ఒక పాఠకురాలు, మర్రిగూడ

జవాబు: నిజమే తల్లీ. టాస్మేనియాలోని బీకన్స్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో 1953లో మొదలుపెట్టారు. మెల్‌బోర్న్‌లో 1977 నుంచి కలుపుతున్నారు. ఇవాళ ఆ దేశంలో పదిమందిలో దాదాపు తొమ్మిది మంది తాగేది ఫ్లోరైడ్ కలిపిన నీళ్లే. పిల్లల పళ్లు పుచ్చకుండా ఉండటానికి కలుపుతారు.

మా బిడ్డ కుళాయి కింద గ్లాసు పెట్టి నీళ్లు పట్టి ఇచ్చి ఈ మాట చెప్పినప్పుడు ఆ గ్లాసు నోటి దాకా తీసుకుపోవడానికి నాకు చెయ్యి రాలేదు. నేను పనిచేసిన బడుల్లో నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకునే ఆడపిల్లలు ఉండేవాళ్లు. పళ్ల నిండా గోధుమ రంగు చారలు. కింద కూర్చుంటే మళ్లీ లేవలేడని ఒక పిల్లవాడికి గోడ పక్కన స్టూలు వేసేవాళ్లం. అది చూసినవాళ్లకు ఫ్లోరైడ్ అన్న మాట వింటేనే గుండె గుబేలుమంటుంది.

తేడా అంతా మోతాదులో ఉంది. అక్కడ లీటరు నీటికి 0.6 నుంచి 1.1 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా చూస్తారు. మన దేశ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు పరవాలేదు. మన దగ్గర బోరు నీళ్లలో కొన్నిచోట్ల అది 4, 5 కూడా దాటింది. మన నేల కింద ఉన్న గ్రానైటు రాళ్లలోనే ఫ్లోరైడ్ ఉంది. బోరు లోతుకు పోయేకొద్దీ, నీళ్లు ఆ రాళ్లలో ఎక్కువ కాలం నిలిచేకొద్దీ అది కరిగి నీళ్లలోకి వస్తుంది. దానికితోడు మన ఎండలకు, పొలం పనులకు మనిషి తాగే నీళ్లు ఎక్కువ. కొద్దిగా ఉంటే పంటి మీది ఎనామిల్‌కు బలం. ఏళ్లపాటు ఎక్కువగా పోతే అదే ఎముకల్లో పేరుకుని కీళ్లు బిగుసుకుపోతాయి. అలా వంగిన నడుము మళ్లీ నిటారు కాదు. నివారణ ఒక్కటే మార్గం.

ఇంకొక మాట కూడా చెప్పాలి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. ప్రపంచమంతా దాన్ని ‘నల్లగొండ టెక్నిక్’ అనే పిలుస్తుంది. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడారు. మన పిల్లలు పడ్డ బాధ వల్లనే మన ఊరి పేరు ఆ పుస్తకాల్లోకి ఎక్కింది. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్న ఇళ్లలో దయచేసి తాగడానికి, వంటకు ఆ నీళ్లే వాడండి. రుచి బాగుందని మళ్లీ బోరు దగ్గరికి పోవద్దు. మెల్‌బోర్న్‌లో నీటి సంస్థలు ఏ ప్రాంతపు నీళ్లలో ఏముందో ఏటా అందరికీ కనిపించేలా ప్రకటిస్తాయి. మన పంచాయతీ గోడ మీద కూడా ఆ లెక్క రాసి పెట్టాలని గ్రామసభలో అడగండి. అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: అక్కడ ఓటు వేయకపోతే జరిమానా వేస్తారట. జనం ఊరుకుంటారా? – ఒక పట్టభద్ర ఓటరు, సూర్యాపేట

జవాబు: ఊరుకోవడం ఏంటి, ఎక్కువమంది మెచ్చుకుంటారు కూడా. 1922 ఎన్నికల్లో అక్కడ నూటికి అరవై మంది కూడా ఓటేయలేదు. 1924లో చట్టం తెచ్చారు. 1925లో పోలింగ్ 91 శాతం దాటింది. ఇప్పటికీ తొంభై శాతానికి అటూఇటూ ఉంటుంది. దేశ ఎన్నికల్లో ఓటేయకపోతే ముందు నోటీసు వస్తుంది, ఎందుకు వేయలేదో చెప్పమంటారు. సరైన కారణముంటే వదిలేస్తారు, లేకపోతే 20 డాలర్లు కట్టాలి. ఎన్నికలు ఎప్పుడూ శనివారమే పెడతారు, పనికి పోయేవాళ్లకు ఇబ్బంది లేకుండా. వేలికి సిరా పెట్టరు, జాబితాలో పేరు కొట్టేస్తారు. ఆస్పత్రుల్లో, మారుమూల ఊళ్లలో ఉన్నవాళ్ల దగ్గరికి పోలింగ్ బృందాలే పోతాయి. తప్పనిసరి అన్నప్పుడు వేయడానికి వీలు కూడా కల్పించాలి కదా. ఈ రెండో సగమే నాకు బాగా నచ్చింది.

పోలింగ్ కేంద్రం ఎక్కువగా బడిలోనే ఉంటుంది. గేటు దగ్గర పిల్లల తల్లిదండ్రులు పెద్ద పెనం పెట్టి సాసేజ్‌లు కాలుస్తుంటారు. ఒక బ్రెడ్డు ముక్క, మధ్యలో సాసేజ్, పైన వేయించిన ఉల్లిగడ్డ, టమాటా సాస్. వచ్చిన డబ్బు బడికే. ఓటేసి, అది తింటూ, ఇరుగుపొరుగు వాళ్లతో నిలబడి మాట్లాడుకుంటారు. ‘ప్రజాస్వామ్య సాసేజ్’ అని దానికి పేరు.

మీరు పట్టభద్ర ఓటరు అన్నారు కాబట్టి వాళ్ల పద్ధతి మీకు ఇట్టే అర్థమవుతుంది. మన ఎమ్మెల్సీ ఎన్నికల్లో లాగే అక్కడ అభ్యర్థుల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్యం రాస్తారు. సగానికి పైగా ఎవరికీ రాకపోతే, తక్కువ వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే తీసేస్తూ వాళ్ల రెండో ఓటు పంచుతారు. 2021లో మన వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానంలో 71 మంది నిలబడి బ్యాలెట్ దుప్పటంత అయింది కదా! 2013లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం నుంచి సెనేట్‌కు, అంటే వాళ్ల పార్లమెంటు ఎగువ సభకు, జరిగిన ఎన్నికలో 110 మంది నిలబడ్డారు. బ్యాలెట్ మీటరు వెడల్పు. అచ్చు చిన్నదై కనిపించదని పోలింగ్ కేంద్రాల్లో భూతద్దాల షీట్లు పెట్టారు.

కానీ బ్యాలెట్ విషయంలో నల్లగొండను మించినవాళ్లు ఎవరూ లేరు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడ 480 మంది నామినేషన్ వేసి బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమైంది. వాళ్లలో చాలామంది గెలుద్దామని నిలబడలేదు. మా పిల్లల కాళ్లు వంకరపోతున్నాయి, మాకు మంచినీళ్లు ఇవ్వండి అని దేశానికి చెప్పడానికి డిపాజిట్ పోగొట్టుకున్నారు. డిపాజిట్ అప్పట్లో 500 రూపాయలు. ఆ తర్వాత చట్టం మార్చి దాన్ని 10,000 చేశారు. ఆ ఎన్నికల మాట ఎత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. పైప్రశ్న అడిగిన మర్రిగూడ చెల్లెలూ ఇది చదవాలి.

ప్రశ్న: టీచర్, కంగారూలను ఇళ్లలో పెంచుకుంటారా? కోలా ఎలుగుబంటేనా? – 7వ తరగతి విద్యార్థి, వనపర్తి

జవాబు: మామూలుగా పెంచుకోరు బిడ్డా. కంగారూ అడవి జంతువు, రాత్రిపూట రోడ్ల మీదికి దూకి కార్లకు అడ్డం పడుతుంది. అందుకే ఊరు దాటితే దాని బొమ్మతో పసుపు బోర్డులు కనిపిస్తాయి. కోలా ఎలుగుబంటి కాదు. కంగారూ లాగే పిల్లను సంచిలో పెంచే జంతువు. దాని తిండి నీలగిరి ఆకు. మన చెరువు గట్ల మీద, బీడు భూముల్లో కనిపించే నీలగిరి చెట్లకు సొంత దేశం ఆస్ట్రేలియానే. ఆ ఆకులో బలం తక్కువ, అరగడం కష్టం. అందుకే కోలా రోజులో ఎక్కువ భాగం కొమ్మ మీద నిద్రపోయి శక్తి మిగుల్చుకుంటుంది. నువ్వు మాత్రం పరీక్షల ముందు అంతసేపు నిద్రపోకు.

ప్రశ్న: ఈము పక్షుల మీద ఆస్ట్రేలియా సైన్యం యుద్ధం చేసి ఓడిపోయిందని చదివాను. మా దగ్గర ఈములు పెంచి రైతులే ఓడిపోయారు. – ఒక రైతు, జడ్చర్ల

జవాబు: అన్నా, మీ ఉత్తరం చదివి మనసు బరువెక్కింది. పక్షులు ఇస్తాం, పెంచండి, మేమే కొంటాం అని చెప్పినవాళ్లు తర్వాత కనిపించకుండా పోవడం, దాణాకు డబ్బుల్లేక రైతులు ఆ పక్షుల్ని వదిలేయడం నేనూ దగ్గర్నుంచి చూశాను. మాంసం తినే అలవాటే జనంలో లేనప్పుడు మార్కెట్ ఎక్కడుంటుంది? ఏ పెంపకమైనా మొదలుపెట్టే ముందు, అమ్మినవాడు కాకుండా కొనేవాడు ఇంకెవరున్నారో చూసుకోవాలి.

యుద్ధం సంగతి నిజమే. 1932 నవంబరులో, పశ్చిమ ఆస్ట్రేలియాలోని క్యాంపియన్ ప్రాంతంలో. అక్కడి రైతుల్లో చాలామంది మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చిన సైనికులు. ప్రభుత్వం ఇచ్చిన భూముల్లో గోధుమ వేశారు. ధరలు పడిపోయి అసలే అప్పుల్లో ఉన్నారు. అప్పుడు లోపలి ఎండు ప్రాంతాల నుంచి సుమారు 20,000 ఈములు నీళ్లు, తిండి వెతుక్కుంటూ పొలాల మీద పడ్డాయి. కంచెలు తెంచాయి, ఆ సందుల్లోంచి కుందేళ్లూ వచ్చాయి. రైతులు అడిగితే సైన్యం రెండు లూయిస్ మెషిన్‌గన్‌లు, 10,000 తూటాలు పంపింది. కాల్పులు మొదలైతే ఈములు చిన్న చిన్న గుంపులుగా చీలిపోయి తలో దిక్కూ పరుగెత్తేవి. తూటాలు తగిలినా కొన్ని ఆగేవి కావు. చివరికి సైన్యం వెనక్కి పోయింది. పంటను కాపాడుకోవడానికి ఆ తర్వాత బలమైన కంచెలు వేసుకున్నారు. అడవి పందులకూ కోతులకూ పంట పోగొట్టుకుంటున్న మన రైతులకు ఇందులో నవ్వే విషయం ఏమీ కనిపించదని నాకు తెలుసు. ఆ గోధుమ రైతుల గోస మీ గోసే.

ప్రశ్న: ఉలురు అనే పెద్ద ఎర్రరాయి ఎక్కడానికి ఇప్పుడు ఎవర్నీ పోనివ్వరట, ఎందుకు? – ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: అది అక్కడి అనంగు ప్రజలకు పవిత్ర స్థలం. నేల నుంచి 348 మీటర్ల ఎత్తున నిలబడ్డ రాయి. ఆ భూమిని 1985 అక్టోబరు 26న ప్రభుత్వం అనంగులకు తిరిగి అప్పగించింది. ఎక్కవద్దని వాళ్లు బతిమాలుతూనే వచ్చారు. గొలుసు పట్టుకుని ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు, జారిపడి చనిపోయినవాళ్లూ ఉన్నారు. సరిగ్గా అదే తేదీన, 2019లో, ఎక్కే దారిని పూర్తిగా మూసేశారు. ఇప్పుడు రాయి చుట్టూ నడిచి చూడొచ్చు. మీది అచ్చంపేట కాబట్టి మీకు వేరే చెప్పక్కర్లేదు. సలేశ్వరం జాతరకు నల్లమలలోకి దిగినప్పుడు అక్కడి చెంచులు చెప్పినట్టు నడుచుకుంటాం కదా. ఆ చోటు ఎవరిదో వాళ్ల మాట వినడం మర్యాద.

ప్రశ్న: మా తాత, నాయన ఇద్దరూ డ్యాముల పనికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీలే. ఆస్ట్రేలియాలో డ్యాములు ఎవరు కట్టారు? – ఒక పాఠకుడు, కోస్గి

జవాబు: ఇన్నేళ్లలో నాకు వచ్చిన మంచి ప్రశ్నల్లో ఇదొకటి. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్స్ తీసుకుని, పిల్లల్ని చంకనేసుకుని, పేరు తెలియని ఊళ్లకు పోయి డ్యాములు కట్టిన జనం మనవాళ్లు. కట్టిన నీళ్లు మాత్రం వాళ్ల పొలానికి రాలేదు. అక్కడా కూలీల కథ పెద్దదే.

దాని పేరు స్నోయీ మౌంటెన్స్ పథకం. 1949లో మొదలై 1974లో పూర్తయింది. మంచు కొండల నుంచి సముద్రానికి పోయే స్నోయీ నది నీళ్లను సొరంగాల ద్వారా పడమటికి మళ్లించి, కరెంటు తీసి, మర్రే, మర్రంబిడ్జీ నదుల్లోకి వదిలారు. ఆ నీళ్లతో లోపలి పొలాలు పండుతున్నాయి. పదహారు పెద్ద డ్యాములు, 145 కిలోమీటర్ల సొరంగాలు. మొత్తం మీద లక్ష మందికి పైగా పనిచేశారు. అందులో మూడింట రెండొంతుల మంది వలసవచ్చినవాళ్లే, ముప్ఫైకి పైగా దేశాల నుంచి. రెండో ప్రపంచయుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న యూరప్ జనం వాళ్లలో చాలామంది. యుద్ధంలో ఒకరినొకరు కాల్చుకున్న దేశాలవాళ్లు ఒకే సొరంగంలో పక్కపక్కన రాయి తొలిచారు. పనిలో 121 మంది చనిపోయారు. కూమా అనే ఊళ్లో వాళ్ల స్మారకం ఉంది. అక్కడే పనిచేసినవాళ్ల దేశాల జెండాలు వరసగా నిలబెట్టారు. నాగార్జునసాగర్‌కు రాళ్లు మోసినవాళ్లను తలుచుకునే అలాంటి చోటు నందికొండలో పెద్దగా ఉండాలని నా కోరిక.

అయితే ఆ పనికి మీ తాత పోదామన్నా రానిచ్చేవాళ్లు కారు. 1901 నుంచి తెల్లవాళ్లు కానివాళ్లను రానివ్వకూడదన్న విధానం అక్కడ ఉండేది. 1973లో గానీ అది పూర్తిగా పోలేదు. ఇవాళ మన పిల్లలు అక్కడ చదువుతున్నారంటే, ఆ తలుపు తెరుచుకుని ఎంతో కాలం కాలేదని గుర్తుంచుకోవాలి.

ముంపు కూడా మనలాగే. యూకంబీన్ జలాశయం కోసం అడమినబీ అనే ఊరిని ఖాళీ చేయించారు. వందకు పైగా కట్టడాలను లారీల మీద ఎక్కించి కొత్త చోటికి తరలించారు. కరువు వచ్చి నీళ్లు తగ్గినప్పుడు పాత ఊరి మెట్లు, పునాదులు బయటపడతాయి. శ్రీశైలం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న కొల్లాపూర్, అలంపూర్ వాళ్లకు ఆ దృశ్యం ఎలా ఉంటుందో నేను చెప్పాల్సిన పని లేదు. సోమశిలలో, అలంపూర్‌లో గుళ్లను రాయి రాయి విప్పి పైకి తెచ్చి కట్టారు. మనుషులకు మాత్రం అంత జాగ్రత్త దక్కలేదు.

ప్రశ్న: జనవరి 26 వాళ్లకు కూడా పండగేనటగా? – నకిరేకల్ నుంచి ఒకరు

జవాబు: అవును, జాతీయ దినం, సెలవు. 1788లో ఆ రోజు ఇంగ్లండు ఓడలు సిడ్నీ తీరంలో జెండా పాతాయి. అందుకే అక్కడి ఆదివాసులకు అది దుఃఖదినం. 1938 నుంచే నిరసన తెలుపుతున్నారు. ఒకే తేదీ, మనం రాజ్యాంగం తెచ్చుకున్న రోజు, వాళ్లు భూమి పోగొట్టుకున్న రోజు.

ప్రశ్న: ఇంగ్లండులో ఆడిన మొదటి ఆస్ట్రేలియా క్రికెట్ జట్టు ఏది? – క్విజ్ అభిమాని, గద్వాల

జవాబు: చాలామంది తెల్లవాళ్ల జట్టు అనుకుంటారు. కాదు. 1868లో పోయిన ఆదివాసీల జట్టు. మొదటి టెస్టు మ్యాచ్ జరిగింది 1877లో, అంటే తొమ్మిదేళ్ల తర్వాత. 47 మ్యాచ్‌లు ఆడి 14 గెలిచారు, 14 ఓడారు, 19 డ్రా. జానీ ముల్లా అనే ఆటగాడు బ్యాటుతోనూ బంతితోనూ జట్టును మోశాడు. కింగ్ కోల్ అనే ఆటగాడు జబ్బుచేసి లండన్‌లోనే కన్నుమూశాడు. క్విజ్‌లో ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఈ రెండు పేర్లు కూడా చెప్పండి.

ప్రశ్న: మేడమ్, కోడలికి నెలలు నిండుతున్నాయి, మెల్‌బోర్న్ పోతున్నాను. ఆవకాయ, కరివేపాకు, పాలకోవా పట్టుకుపోవచ్చా? ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారని టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అక్కా, టెన్షన్ పడొద్దు, దాచొద్దు. ఈ రెండే సూత్రాలు. దిగే ముందు ఒక కార్డు ఇస్తారు. తినే వస్తువులు ఉన్నాయా అని అడిగిన చోట ‘ఉన్నాయి’ అని టిక్ పెట్టండి. అధికారికి సంచి తెరిచి చూపించండి. వద్దంటే తీసి పారేస్తారు, అంతే. ‘లేవు’ అని రాసి సంచిలో దొరికితే మాత్రం భారీ జరిమానా, వీసా కూడా రద్దు కావచ్చు. వాసన పట్టే కుక్కలుంటాయి, పోపు వాసన దాచలేం.

పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలు, పాలతో చేసినవి, మాంసం ఇంట్లోనే వదిలేయండి. అక్కడి ఇండియన్ షాపుల్లో అన్నీ దొరుకుతాయి. పచ్చడి పట్టుకుపోవాలనిపిస్తే షాపులో సీలు వేసిన ప్యాకెట్టు కొనండి, ఏమేం కలిపారో దాని మీదే రాసి ఉంటుంది. అదీ కార్డులో రాసి చూపించాల్సిందే.

ఇంత కఠినం ఎందుకంటే, వాళ్లు దెబ్బతిన్నవాళ్లు. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేటాడుకోవడానికి ఇంగ్లండు నుంచి తెప్పించి వదిలిన ఓ రెండు డజన్ల కుందేళ్లు కోట్లై పచ్చిక మొత్తం తినేశాయి. చెరకు పురుగును తింటాయని 1935లో తెచ్చిన కప్పలు ఇప్పటికీ పాకుతూనే ఉన్నాయి. మన పశువులకు వచ్చే గాలికుంటు అక్కడ 1872 తర్వాత రాలేదు. ఆ వైరస్ పాల పదార్థాలతో, మాంసంతో, చెప్పుల బురదతో కూడా రావచ్చు. మీకు ఇంట్లో బర్రెలుంటే కొట్టంలో వేసుకున్న చెప్పులు వద్దు, కడిగిన చెప్పులతో పోండి.

బీపీ, షుగర్ మందులు వాటి పెట్టెల్లోనే ఉంచి, డాక్టరు చీటీ ఇంగ్లిషులో రాయించుకుని చేతిసంచిలో పెట్టుకోండి. నియమాలు మారుతుంటాయి, బయల్దేరే ముందు వాళ్ల వ్యవసాయ శాఖ వెబ్‌సైట్ ఒకసారి చూసి చెప్పమని కొడుకును అడగండి. మీరు పోయేది జూన్, జులైల్లో అయితే అక్కడ చలికాలం. మందపాటి స్వెట్టరు, ఉన్ని సాక్సులు మర్చిపోవద్దు. కోడలికి నా ఆశీస్సులు చెప్పండి.